గోరువంక చెప్పని మాట

బాల్దో తన పద్దెనిమిదేళ్ల ఫుట్‌బాల్ ఆటలో ఒకే ఒక్క గోల్ కొట్టాడు. అదీ సొంత జట్టు మీద.

అసలు పేరు ఉబాల్దో తొంబొలీని. స్టాపర్‌గా ఆడేవాడు. అంటే తన గోల్ ముందు గోడలా నిలబడి, వచ్చినవాణ్నల్లా ఆపడం ఆయన పని. బాగానే ఆపేవాడు. మూడో డివిజన్‌లో ఐదు ఊళ్ల జట్లు మారాడు. రెండుసార్లు ముక్కు విరిగింది. ఆ ముక్కు ఇప్పుడు ఎటు చూస్తోందో చెప్పడం కష్టం. ముప్పయ్యో ఏట ఒక్కసారి, పై డివిజన్ జట్టులో స్టాపర్లందరూ జ్వరంతో మంచం ఎక్కితే, ఈయన్ని తీసుకెళ్లారు. పదకొండు నిమిషాలు ఆడాడు. పదకొండో నిమిషంలో బంతి ఆయన మోకాలికి తగిలి సొంత గోల్లో పడింది. ఆ వార్త విని, మంచం మీద ఉన్న స్టాపర్లకి మర్నాటికల్లా జ్వరం తగ్గిపోయిందట.

మా ఊరు మొంతెల్వేరాలో ఆ పదకొండు నిమిషాల్ని ఎవరూ మర్చిపోలేదు. ఎవరైనా పని మొదలుపెట్టి వెంటనే పాడుచేస్తే "బాల్దో అంతసేపైనా నిలబడలేదు" అంటారు.

ఆట మానేశాక ఆయన సముద్రం ఒడ్డు ఊరికి వెళ్లి, ఎనిమిది వారాలు చదివి, కోచ్ పరీక్ష పాసై వచ్చాడు. కాగితానికి అద్దం కట్టించాడు. ఛాతీ మీద తన పేరులోని రెండు అక్షరాలు కుట్టిన నీలం ట్రాక్‌సూట్ కొనుక్కున్నాడు. మా ఊరి జట్టుకి కోచ్ అయ్యాడు.

మా దగ్గర కోచ్‌ని పేరు పెట్టి పిలవరు. "మిస్టర్" అంటారు, "మీరు" అంటారు. ఎప్పుడో ఇంగ్లీషువాళ్లు ఆట నేర్పిన రోజుల నుంచి వస్తున్న పిలుపు అది. పక్క ఊరి కోచ్ పాలవ్యాను నడుపుతాడు. ఆయన కూడా వ్యాను దిగి మైదానంలో అడుగు పెట్టగానే మిస్టర్ అయిపోతాడు. పాలు పోసేటప్పుడు "ఒరేయ్" అన్నవాళ్లే గీత దాటాక "మీరు" అంటారు.

మొదటిరోజు బట్టలు మార్చుకునే గదిలో బాల్దో కొత్త ట్రాక్‌సూట్ వేసుకుని నిలబడ్డాడు.

"ఇవాళ్టి నుంచి నేను మీ మిస్టర్‌ని," అన్నాడు.

"అలాగే బాల్దో," అన్నాడు క్వింతో.

క్వింతో ఊళ్లో రొట్టెలు కాల్చేవాడు. జట్టులో గోల్ కొట్టాల్సిన మొనగాడు కూడా. బాల్దో వాళ్లదీ వీళ్లదీ ఎదురెదురు ఇళ్లు.

"బాల్దో కాదు, మిస్టర్."

"నీ పెళ్లిలో పల్లకీ మోసినట్టు నిన్ను ఇంటిదాకా మోసుకొచ్చింది నేనే కదా. అప్పుడు నువ్వు నా చొక్కా మీద వాంతి చేసుకున్నావు. ఇప్పుడు నిన్ను మీరు అంటే నాకు నవ్వొస్తుంది. నవ్వుతూ పరిగెత్తలేను."

ఆ మాటతో అందరూ నవ్వారు. ఇక ఆ పిలుపు పుట్టకుండానే పోయింది.

ఇదంతా నాకు తెలియడానికి కారణం, మైదానం మూల జెండా పక్కనే ఉన్న బార్ మా అత్తది కావడం. పొద్దున కాఫీలు నేనే ఇస్తాను. జట్టు చొక్కాలు కూడా నేనే ఉతుకుతాను. కిటికీ తెరిస్తే మైదానం, తలుపు తెరిస్తే వసారా, వసారాలో పంజరం, పంజరంలో ఒత్తావియా అనే గోరువంక. చనిపోయిన మా మామయ్య పెంచిన పక్షి. కాఫీ మిషన్ బుస కొట్టడం, మా అత్త దగ్గడం, ఈ రెండూ దానికి బాగా వచ్చు.

బాల్దో రోజూ పదింటికి వచ్చేవాడు. కాఫీ తాగేవాడు. బార్‌లో ఎవరూ లేరని చూసుకుని, నన్ను లెక్కలోకి తీసుకోకుండా, పంజరం దగ్గరికి వెళ్లేవాడు.

"శుభోదయం, మిస్టర్," అనేవాడు పక్షితో, మెల్లగా, స్పష్టంగా.

ఒత్తావియా కాఫీ మిషన్‌లా బుస కొట్టేది.

"మిస్టర్. మి... స్టర్."

మా అత్తలా దగ్గేది.

"ఎల్దా, ఇది తెలివైన పక్షేనా?" అని ఒకసారి నన్ను అడిగాడు.

"తెలివైనదే."

"మరి ఎందుకు అనదు?"

"ఎవరూ అనడం వినలేదు కదా," అన్నాను. తర్వాత ఆ మాట అనకుండా ఉండాల్సింది అనిపించింది. ఆయన చక్కెర లేకుండా కాఫీ తాగి వెళ్లిపోయాడు. మామూలుగా రెండు చెంచాలు వేసుకుంటాడు.

అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా ఈ చదువు సాగింది.

ఇక జట్టు సంగతి. బాల్దోకి తెలిసిన ఆట ఒక్కటే, ఆపడం. "తలుపు మూయాలి, గడియ పెట్టాలి, దాని వెనక బీరువా జరపాలి," అని చెప్పేవాడు. జట్టు కుర్రాళ్లు చెప్పినట్టే చేశారు. అవతలివాళ్లు మా మీద గోల్ కొట్టలేకపోయేవాళ్లు. మేమూ ఎవరి మీదా కొట్టలేకపోయేవాళ్లం, ఎందుకంటే పదకొండు మందీ బీరువా వెనకే ఉండేవాళ్లు. పన్నెండు ఆటలు సున్నా సున్నాగా ముగిశాయి. చూడటానికి వచ్చే ఆడవాళ్లు ఆ ఏడాది చాలా స్వెట్టర్లు అల్లారు.

ఆట జరిగినంతసేపూ బాల్దో గీత పక్కన నిలబడి ఒకటే మాట అరిచేవాడు. "మనిషి!" అని. బంతి మీ కాళ్ల దగ్గర ఉండి, వెనక నుంచి అవతలివాడు మీదికొస్తుంటే, చూసినవాళ్లెవరైనా "మనిషి!" అని అరుస్తారు. ఆ మాట వింటే వెనక్కి చూడకూడదు, ఆలోచించకూడదు, బంతిని వెంటనే వదిలించుకోవాలి. మా దేశంలో నడక వచ్చిన ప్రతివాడికీ ఇది వచ్చు. బాల్దో పద్దెనిమిదేళ్లు ఆ మాట అరుస్తూ బతికాడు. ఇంటికి పోస్ట్‌మాన్ వచ్చినా లోపలున్న భార్యకి అలాగే చెప్తాడట.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం పోస్ట్‌మాన్ మా బార్లోకి అడుగు పెట్టాడు. క్వింతో అప్పుడే కాఫీ కప్పు ఎత్తాడు.

"మనిషి!" అని ఒక కేక వినపడింది. అచ్చం బాల్దో గొంతు.

క్వింతో వెనక్కి చూడకుండా కప్పుని పక్కనున్న ఆయన చేతిలో పెట్టేశాడు. పక్కనున్న ఆయన మా ఊరి ఫాదర్. తెల్ల కాలరు మీద కాఫీ ఒలికింది.

అందరం బాల్దో కోసం చూశాం. బాల్దో లేడు. ఒత్తావియా ఒక కాలి మీద నిలబడి మమ్మల్ని చూస్తోంది.

పదింటికి బాల్దో వచ్చాక జరిగింది చెప్పాను. ఆయన పంజరం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఆరు నెలలు నేను నీకు నేర్పింది అది కాదు," అన్నాడు పక్షితో.

"మనిషి!" అంది ఒత్తావియా.

ఆ ఆదివారం సొంత మైదానంలో ఆట. క్వింతో ఏడాది మొత్తంలో మొదటిసారి ఖాళీ గోల్ ముందు బంతితో నిలబడ్డాడు. బార్ వసారా నుంచి "మనిషి!" వినపడింది. క్వింతో బంతిని వదిలించుకున్నాడు. అది గోల్ పక్కనుంచి వెళ్లి మా చొక్కాలు ఆరేసిన తీగకి తగిలింది. మళ్లీ సున్నా సున్నా.

మర్నాడు క్లబ్ ప్రెసిడెంట్ గౌదెన్సియో వచ్చాడు. ఆయన శవపేటికలు చేయిస్తాడు. మంచి మనిషే, కానీ ఆయన లోపలికి రాగానే బార్లో ఉన్నవాళ్లందరి చేతులూ జేబుల్లోకి వెళ్లి తాళంచెవులు పట్టుకుంటాయి. ఇనుము ముట్టుకుంటే ఏమీ కాదని నమ్మకం. ఆయనకి అలవాటైపోయింది. తాళంచెవులు గలగలమంటుంటే అదే పలకరింపు అనుకుంటాడు.

"బాల్దో, ఈ పక్షి మీద ఆటప్పుడు గుడ్డ కప్పు," అన్నాడు. "గుడ్డ నేను పంపిస్తా. ఇంకో సంగతి. చివరి ఆట గెలవాలి. డ్రా చాలదు. గెలవకపోతే కింది డివిజన్‌లోకి పోతాం."

"పోతే?"

"పోతే వచ్చే ఏడాదికి పట్నం నుంచి వేరే మిస్టర్‌ని తెస్తాను."

బాల్దో చెంచాతో కప్పులో తిప్పుతూనే ఉన్నాడు. "ఆయన్ని మన పిల్లలు మిస్టర్ అంటారా?"

"అనకపోతే ఎలా? పట్నం మనిషి."

"మరి నేను?"

"గడ్డి కోసే మిషన్ ఉంది కదా," అన్నాడు గౌదెన్సియో జాలిగా. "నీకు మైదానం అంటే ప్రేమ."

చివరి ఆట మే నెలలో, సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన పోర్తోసెల్వా జట్టుతో. ఆ వారమంతా బాల్దో జట్టుకి ముందుకు వెళ్లడం నేర్పాలని చూశాడు. తనకే రాదు కాబట్టి చేత్తో చూపించేవాడు. మైదానం మధ్య గీత దగ్గరికి వచ్చేసరికి ఆయన కాళ్లు వాటంతటవే ఆగిపోయేవి.

"అటు," అనేవాడు గీత ఇవతలే నిలబడి.

"అటు ఏముంది బాల్దో?" అని క్వింతో అడిగేవాడు.

"నాకేం తెలుసు. వెళ్లి చూసి చెప్పు."

ఆదివారం మధ్యాహ్నం గౌదెన్సియో పంపిన గుడ్డ నేనే పంజరం మీద కప్పాను. శవపేటిక లోపల పరిచే పట్టు. ముదురు ఊదా రంగు. రంగు చూశాను కానీ పక్షి కోసమే కదా అనుకున్నాను. ఆ రంగు అపశకునమని మా ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. వంట హడావిడిలో ఆటగాళ్ల సంగతి నాకు తట్టలేదు.

మొదటి సగం మామూలే. స్వెట్టర్లు రెండంగుళాలు పెరిగాయి. విరామంలో క్వింతో నీళ్ల కోసం వసారా దగ్గరికి వచ్చి, గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని ఆగిపోయాడు.

"ఎల్దా. అదేంటి?"

"గుడ్డ."

"రంగు అడుగుతున్నా."

వెనక మిగతా పదిమందీ వచ్చారు. తాళంచెవులు దగ్గర లేవు కాబట్టి ఒక్కొక్కరూ వచ్చి వసారా ఇనప స్తంభం పట్టుకున్నారు. స్తంభం చుట్టూ పదకొండు చేతులు.

"నలభై ఐదు నిమిషాలు శవపేటిక ముందు ఆడామన్నమాట," అన్నాడు క్వింతో. "తీసెయ్."

బాల్దో పరిగెత్తుకుంటూ వచ్చాడు. "తీయొద్దు. అది అరుస్తుంది. పోయినసారి ఏమైందో గుర్తులేదా?"

"ఆ రంగు ఉండగా నేను మైదానంలో అడుగు పెట్టను."

"నేను మీ మిస్టర్‌గా చెప్తున్నా."

"నువ్వు బాల్దోవి. నేనూ నీ మాట వింటా. కానీ ముందు ఆ ఊదా రంగు పోవాలి."

చివరికి క్వింతోనే ఒక దారి చెప్పాడు. కౌంటరు మీదున్న రొట్టె లోపలి మెత్తని భాగం పీకి, రెండు ఉండలు చేసి, చెవుల్లో పెట్టుకున్నాడు. "ఇప్పుడు అది ఏం అరిచినా నాకు వినపడదు," అన్నాడు చాలా గట్టిగా. మిగతావాళ్లూ పెట్టుకున్నారు. మా జట్టు చెవిటిదై మైదానంలోకి వెళ్లింది. నేను గుడ్డ తీసి మడతపెట్టి బీరువాలో దాచాను.

రెండో సగం మొదలైందని మావాళ్లకి తెలియడానికి కొంత టైం పట్టింది, విజిల్ వినపడలేదు కనుక. బాల్దో అరుస్తున్నాడు, ఎవరూ వినడం లేదు. విచిత్రంగా, ఆ రోజు మొదటిసారి మావాళ్లు మధ్య గీత దాటారు. వెనక్కి రమ్మనే కేక చెవిన పడలేదు మరి. బాల్దో కాసేపటికి అరవడం మానేసి బెంచీ మీద కూర్చున్నాడు. ముందుకు చూడటం లేదు. తన చేతుల్ని చూసుకుంటున్నాడు. గడ్డి కోసే మిషన్ గురించే అనుకుని ఉంటాడు.

ఇంక ఏడు నిమిషాలు ఉన్నాయనగా బంతి దొర్లుకుంటూ మా వసారా ముందు మూలకి వచ్చింది. పోర్తోసెల్వా స్టాపర్ నింపాదిగా దాని దగ్గరికి నడిచాడు. పేరు ఇవానో, తలుపంత మనిషి. చుట్టుపక్కల ఎవరూ లేరు. క్వింతో నలభై అడుగుల దూరంలో నిలబడి చెవిలోని రొట్టె సర్దుకుంటున్నాడు.

"మనిషి!" అంది ఒత్తావియా, సరిగ్గా అతని వెనక.

ఇవానో వెనక్కి చూడలేదు. ఆలోచించలేదు. తన గోల్‌కీపర్ వైపు బంతిని గట్టిగా తన్నేశాడు. కీపర్ వంగి మేజోడు లాక్కుంటున్నాడు. బంతి అతని పక్కనుంచి, అతనికే తెలియకుండా, గోల్లోకి వెళ్లింది.

అల్లుతున్న చేతులు ఆగిపోయాయి. తర్వాత ఒక స్వెట్టర్ కింద పడింది.

పోర్తోసెల్వా వాళ్లు రిఫరీని చుట్టుముట్టారు. రిఫరీ కుర్రాడే, పళ్ల డాక్టరు చదువుతున్నాడట. మొంతెల్వేరా కోచ్ మోసపు కేక వేశాడనీ, ఆ గొంతు ఆట మొదలైనప్పటి నుంచి వింటున్నామనీ వాళ్లు చెప్పారు. కోచ్ కేక వేసినట్టు తేలితే గోల్ ఉండదు. రిఫరీ బాల్దో దగ్గరికి వచ్చాడు.

"అరిచింది మీరేనా?"

బాల్దో లేచి నిలబడ్డాడు. ఆయనకి అబద్ధం రాదు. "గొంతు నాదే," అన్నాడు. "అరిచింది నేను కాదు."

"మరి ఎవరు?"

"గోరువంక."

రిఫరీ పుస్తకం తెరిచి, ఏం రాయాలో తోచక మూసేశాడు. మా వసారాకి వచ్చాడు. వెనకాలే రెండు జట్లూ వచ్చాయి.

"ఇక్కడ ఎవరున్నారు?" అని నన్ను అడిగాడు.

"నేనూ, అదీ."

"మనిషి అని అరిచిన మనిషి..."

"మనిషి కాదండీ," అన్నాను.

రిఫరీ పంజరం ముందు నిలబడ్డాడు. ఒత్తావియా కాఫీ మిషన్‌లా బుస కొట్టింది. అందరూ ఎదురుచూశారు. మా అత్తలా దగ్గింది.

"ఇది దగ్గుతోంది," అన్నాడు రిఫరీ.

"చెప్పవే," అన్నాడు బాల్దో బతిమాలుతూ. "ఆ మాటే, నేను నేర్పనిది."

ఒత్తావియా ముక్కుతో రెక్క సర్దుకుంది. పోర్తోసెల్వా వాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. బాల్దో తల వంచుకుని పక్షికి వీపు తిప్పి, మెట్టు దిగబోయాడు. రిఫరీ పుస్తకం మళ్లీ తెరుస్తూ ఆయన వెనకే రెండడుగులు వేశాడు.

"మనిషి!"

బాల్దో ఉలిక్కిపడి, కాళ్ల దగ్గర లేని బంతిని తన్నేశాడు. ఇవానో కూడా తన్నాడు. వాళ్ల కీపర్ కూడా. రిఫరీ మాత్రం కొంచెం గెంతాడు.

అరిచింది ఒత్తావియానే అని అందరం చూశాం. రిఫరీ గొంతు సవరించుకున్నాడు. "ప్రేక్షకులు అరిచినట్టే లెక్క," అన్నాడు. "నిబంధనల్లో పక్షి లేదు. గోల్ చెల్లుతుంది."

మిగిలిన ఏడు నిమిషాలూ బాల్దో జట్టుని బీరువా వెనక్కి రప్పించడానికి చేతులు ఊపుతూనే ఉన్నాడు. వాళ్లు ఆ పని మాత్రం వినకుండానే చేశారు. ఆట ఒకటి సున్నాగా ముగిసింది. గౌదెన్సియో సంతోషం పట్టలేక మైదానంలోకి పరిగెత్తాడు. మా ఆటగాళ్లు ఆయన్ని కౌగిలించుకోకుండా గోల్ స్తంభం వైపు పారిపోయారు. అది ఇనుముది.

"వచ్చే ఏడాది కూడా నువ్వే బాల్దో," అని ఆయన దూరం నుంచే అరిచాడు.

బాల్దో సరేనని చెయ్యి ఎత్తాడు కానీ అటు వెళ్లలేదు. వసారా మెట్టు మీద ఇవానో తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. నేను ఇచ్చిన కాఫీ ముట్టుకోలేదు. బాల్దో వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నాకు పదకొండో నిమిషం," అన్నాడు. "మోకాలు. పై డివిజన్‌లో. ముప్పై వేల మంది చూశారు. నిన్ను చూసింది నూట ఇరవై మందే కదా."

"నూట ఇరవై ఒకటి," అన్నాడు ఇవానో, పంజరం వైపు చూడకుండా.

"అదీ నిజమే."

ఇవానో ముఖం తుడుచుకున్నాడు. "తర్వాత నిద్ర పట్టిందా మీకు, మిస్టర్?"

బాల్దో వెనక్కి తిరిగి చూశాడు, ఎవరొచ్చారా అని. వెనక నేను తప్ప ఎవరూ లేరు. ఒత్తావియా కూడా ఏమీ అనలేదు.

"నన్నేనా?"

"ఇంకెవర్ని, మిస్టర్."

బాల్దో ఇవానో కాఫీ తీసుకుని తనే తాగేశాడు. "పట్టింది," అన్నాడు ఖాళీ కప్పు మెట్టు మీద పెట్టి. "నాలుగో రోజుకి పట్టింది."

మా వాళ్లు మైదానంలోంచి వస్తూ ఇది చూశారు. అందరి చెవుల్లోనూ రొట్టె ఉంది కాబట్టి వినలేదనే అనుకున్నాను. కానీ క్వింతో ఒక చెవి ఉండ అప్పటికే తీసి తినేసినట్టున్నాడు.

మంగళవారం పదింటికి బాల్దో వచ్చాడు. నేను కాఫీ పెట్టాను. ఆయన పంజరం దగ్గరికి వెళ్తుండగా క్వింతో రొట్టెల బుట్టతో లోపలికి వచ్చి, బుట్ట కౌంటరు మీద పెట్టి, గోడ వైపు చూస్తూ అన్నాడు.

"మిస్టర్, నీ కాఫీ చల్లారిపోతోంది."

బార్లో ఎవరూ నవ్వలేదు. బాల్దో ఆగాడు.

"ఏమన్నావు?"

"బయటివాడు అన్నాక మనం అనకపోతే బాగుండదు," అన్నాడు క్వింతో రొట్టెలు లెక్కపెడుతున్నట్టు నటిస్తూ. "ఊరి పరువు ఉంటుంది కదా."

"నీ కాఫీ అన్నావు. మీ కాఫీ అనాలి."

"అంత ఒక్కసారే రాదు, మిస్టర్. నువ్వు కూడా ఒక్క గోల్ కోసం పద్దెనిమిదేళ్లు ఆడలేదా?"

బాల్దో కాఫీలో మూడు చెంచాల చక్కెర వేసుకున్నాడు.

క్వింతో, మిగతావాళ్లూ వెళ్లిపోయాక, బార్‌లో ఎవరూ లేరని చూసుకుని, నన్ను లెక్కలోకి తీసుకోకుండా, పంజరం దగ్గరికి వెళ్లాడు. ఇప్పుడు కొత్త పాఠం మొదలైంది.

"మీరు," అంటున్నాడు మెల్లగా, స్పష్టంగా. "మీ... రు."

ఒత్తావియా మా అత్తలా దగ్గింది.